పేట్రనేజ్: పోషణా, ప్రాపకమా, పెద్దరికమా?

‘పేట్రనేజ్’ అన్న ఇంగ్లీషు మాట కనబడగానే తెలుగులో ‘పోషణ’ అని రాసేయడం చాలామందికి అలవాటు. ఒక చిత్రకారుడికి సంపన్న కుటుంబం ఇచ్చిన పేట్రనేజ్ గురించైతే ఆ మాట చక్కగా అతుకుతుంది. నాయకుడి పేట్రనేజ్‌తో వచ్చిన ఉద్యోగం మాత్రం పోషణ కాదు, ప్రాపకం. ఒక రైలు మార్గానికి పేట్రనేజ్ తగ్గిందంటే ఎవరో డబ్బివ్వడం మానేశారని కాదు, ఆ రైలు ఎక్కేవాళ్లు తగ్గారని. అదే మూలం నుంచి వచ్చిన ‘పేట్రనైజింగ్’ అన్న మాట ఎవరి ధోరణికైనా తగిలిస్తే అది నింద: ఎదుటివాళ్లను చిన్నపిల్లల్లా చూసి మాట్లాడారని.

ఈ అర్థాలన్నీ ఒకే చెట్టు కొమ్మలు. ఇవ్వడమా మానడమా అన్నది ఒకరి ఇష్టం మీద ఉంటుంది. పుచ్చుకునేవాడికి దాని ఖరీదు ఇంత అని కట్టి చేతులు దులుపుకునే వీలుండదు, అందుకే బాకీ పూర్తిగా తీరదు. అన్ని అర్థాల్లోనూ ఉండే అమరిక ఇదే. మారేవి రెండు: ఇస్తున్న సొత్తు ఎవరిది, బంధం తెంచుకునే వీలు ఎవరికుంది. వాక్యంలో ఈ రెండింటికీ జవాబు దొరికితే ఏ తెలుగు మాట వాడాలో దాదాపు తేలిపోతుంది. మొదటి ప్రశ్న మరీ ముఖ్యం. సొంత సొమ్ము ఇచ్చినప్పుడు మెప్పుగా వినిపించే మాటే, పదిమంది సొత్తు పంచినప్పుడు అభియోగంగా వినిపిస్తుంది.

రోమ్ వీధుల్లో పుట్టిన మాట

లాటిన్‌లో ‘పాటర్’ అంటే తండ్రి. దానినుంచి వచ్చిన ‘పాట్రోనుస్’ అంటే తండ్రి స్థానంలో నిలిచి కాచేవాడు. అతని అండలో బతికేవాడు ‘క్లియెన్స్’, అంటే ఆశ్రితుడు. బానిసకు విముక్తి ఇచ్చిన యజమాని ఆ మర్నాటి నుంచి అతనికి పాట్రోనుస్ అవుతాడు. విముక్తుడు చట్టరీత్యా స్వతంత్రుడే అయినా పాత యజమానికి మర్యాద, కొన్ని పనులు బాకీ ఉంటాడు. అంటే యాజమాన్యం పోయినా పైచేయి పోలేదు.

సంపన్న రోమన్ ఇంటి ముందు తెల్లవారుజామునే ఆశ్రితులు బారులు తీరేవారు. టోగా అనే పైవస్త్రం కట్టుకుని వచ్చి దణ్ణం పెట్టుకుని, ఆయన బయటికి వెళితే వెనక నడిచి, ఎన్నికల్లో ఆయన పక్షాన నిలిచేవారు. ప్రతిగా భోజనపు బుట్ట దొరికేది. తరవాతి కాలంలో బుట్టకు బదులు చిల్లర ఇచ్చారు. క్రీస్తుశకం మొదటి శతాబ్ది చివర ఆ మొత్తం 100 క్వాడ్రన్‌లు (అతి చిన్న రోమన్ నాణేలు), అంటే ఆరుంబావు సెస్టర్షియస్‌లు. జీతం అనడానికి అది చాలదు, దానం అనుకోవడానికి రోజూ హాజరు వేయించుకోవాలి. పేట్రనేజ్‌లో ఇప్పటికీ ఉన్న మెలిక అదే.

ఇది ఏకపక్ష బంధం కాదు. క్రీస్తుపూర్వం 450 ప్రాంతపు రోమన్ లిఖిత చట్టమైన పన్నెండు పట్టికల చట్టంలో, ఆశ్రితుణ్ణి మోసం చేసిన పాట్రోనుస్ శాపగ్రస్తుడు కావాలన్న వాక్యం ఉంది. అలాంటివాడికి ఇక చట్టం రక్షణ ఉండదు. ఆశ్రితుల తరఫున న్యాయస్థానంలో వాదించడం కూడా పాట్రోనుస్ విధుల్లో ఒకటి. వాదించినందుకు కానుకలు తీసుకోకూడదని క్రీస్తుపూర్వం 204లో ఒక చట్టమే చేశారు. నేటి వకీలుకు ‘క్లయింటు’ ఉన్నది ఆ వాడుక వల్లే. సంబంధం మాత్రం తలకిందులైంది. అప్పటి క్లయింటు చెయ్యి చాచేవాడు, ఇప్పటి క్లయింటు ఫీజు చెల్లించి వకీలును మార్చగలవాడు.

ఇంగ్లీషులో ‘ప్యాటర్న్’ కూడా ఈ మాటే. అనుసరించదగ్గ పెద్ద అన్న అర్థం నుంచి అనుసరించదగ్గ నమూనా అన్న అర్థం వచ్చి, తరవాత స్పెల్లింగు విడిపోయింది. ఫ్రెంచిలో ‘పత్రోన్’ అంటే నేటికీ యజమాని, బట్ట కత్తిరించే నమూనా, రెండూ.

చర్చిలో ఆస్తిగా మారిన హక్కు

‘పేట్రనేజ్’ ఇంగ్లీషులోకి 14వ శతాబ్దంలో వచ్చింది. అప్పటికి దాని ముఖ్యార్థం కళాపోషణ కాదు, ఖాళీ అయిన చర్చి పదవికి మతగురువు పేరు ప్రతిపాదించే హక్కు. ఒక భూస్వామి చర్చి కట్టించి, దానికి భూమి రాసిస్తే, అక్కడ ఎవరు గురువుగా ఉండాలో చెప్పే హక్కు ఆయనకు, ఆయన వారసులకు దక్కేది. ఇంగ్లండులో ఆ హక్కు స్థిరాస్తిలా అమ్ముడుపోయేది, వీలునామాలకెక్కేది. నిర్ణీత గడువులో పేరు పంపకపోతే ఆ విడతకు హక్కు బిషప్ చేతికి పోయేది. ఆ గడువు సాధారణంగా ఆరు నెలలు.

జీతం భూమి నుంచి, సేవ ఊరికి, ఎంపిక ఒక కుటుంబానిది. ఈ మూడూ మూడు చోట్ల ఉన్నాయి కాబట్టి పేచీ రాక తప్పదు. స్కాట్లండులో 1712లో భూస్వాముల హక్కును పార్లమెంటు తిరిగి నిలబెట్టింది. తమకు ఇష్టంలేని గురువును నెత్తిన రుద్దుతున్నారని విశ్వాసులు దశాబ్దాలపాటు మొరపెట్టుకున్నారు. చివరికి 1843 మే 18న ఎడిన్‌బరోలో జరుగుతున్న చర్చి మహాసభను విడిచి గురువులు బారుగా నడిచి వెళ్లారు. మొత్తమ్మీద 450 మందికి పైగా జీతం, ఇల్లు వదులుకుని వేరే చర్చి పెట్టుకున్నారు. ఆ హక్కును రద్దు చేసింది 1874లో. ఈ అర్థంలో వచ్చే ‘పేట్రనేజ్’ను పోషణ అని రాస్తే కథ మొత్తం తప్పుతుంది. ‘నియామకపు హక్కు’ అని విడమరిచి రాయాలి.

కళాపోషణ: ఒప్పందంలో ఏముంటుంది

కళ విషయంలో ఈ మాటకు అంటుకున్న కాంతి ఎక్కువగా మెసీనాస్ వల్ల వచ్చింది. అగస్టస్ చక్రవర్తికి ఆంతరంగికుడైన ఆయన వర్జిల్, హొరేస్ కవులను ఆదుకున్నాడు. ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్ భాషల్లో కళాపోషకుణ్ణి ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఆ భాషలవాళ్లకు అదొక వెసులుబాటు. కళాపోషకుడికి ఒక మాట, రాజకీయ ప్రాపకానికి మరో మాట. ఇంగ్లీషు రెండింటినీ ఒకే సంచిలో వేసింది.

పోషణ అనగానే ఉదారంగా చేతికి ఎముక లేకుండా ఇచ్చినట్టు ఊహించుకుంటాం. మిగిలిన పత్రాలు చూస్తే వేరే సంగతి కనిపిస్తుంది. 1485లో ఫ్లోరెన్స్‌లోని అనాథ శిశువుల ఆశ్రమం బలిపీఠం కోసం చిత్రకారుడు గిర్లాండయోతో కుదిరిన ఒప్పందంలో గడువు 30 నెలలు, మొత్తం 115 పెద్ద ఫ్లోరిన్‌లు, నెలకు 3 చొప్పున చెల్లింపు. బంగారం, రంగుల ఖర్చు చిత్రకారుడిదే. నీలం తప్పనిసరిగా అల్ట్రామెరీన్ కావాలి, అదీ ఔన్సు 4 ఫ్లోరిన్‌ల రకం. చవక నీలం పూసి మిగుల్చుకోవడం ఆనాటి మామూలు మోసం, అందుకే ధరతో సహా రాశారు. ఇంకో షరతు అసలు గుట్టు విప్పుతుంది: పూర్తయిన చిత్రం అంత విలువ చేయదని ఆశ్రమాధికారికి అనిపిస్తే, తనకు న్యాయమనిపించినంత ఇవ్వవచ్చు. ధర రాసి ఉన్నా చివరి మాట ఇచ్చేవాడిదే.

సంగీతకర్త హేడెన్ సంగతి ఇంకా స్పష్టం. 1761 మే 1న ఎస్తర్‌హాజీ రాజకుటుంబంతో చేసుకున్న ఒప్పందం ప్రకారం ఆయన దర్బారు దుస్తుల్లో ఉండాలి. పొద్దున, మధ్యాహ్నం దొరవారి గది బయట నిలబడి, సంగీతం కావాలో లేదో కనుక్కోవాలి. రాసిన ప్రతి బాణీ దొరదే. నకళ్లు ఇవ్వకూడదు, అనుమతి లేకుండా ఇంకెవరికీ రాయకూడదు. 1779లో రాసుకున్న కొత్త ఒప్పందంలో ఆ నిషేధం లేదు. దాంతో ప్రచురణకర్తలకు అమ్ముకునే దారి తెరుచుకుంది. యూరప్ అంతటా ఆయన పేరు మోగిపోవడానికి ఆ ఒక్క షరతు తొలగడం ఎంతో తోడ్పడింది. కళాకారుడికి పోషకుడు చేసే మేలెంతో తెలియాలంటే మొత్తం ఎంతని కాదు, రాసినదాని మీద హక్కు ఎవరిదని చూడాలి.

మొత్తం పెద్దదే అయినా పోషణ ఎలా కూలుతుందో సంగీతకర్త బీథోవెన్ ఉదంతం చూపిస్తుంది. 1809 మార్చిలో ముగ్గురు ప్రభువులు కలిసి ఆయనకు ఏటా 4,000 ఫ్లోరిన్‌లు ఇస్తామని రాసిచ్చారు: ఆర్చ్‌డ్యూక్ రుడాల్ఫ్ 1,500, కిన్‌స్కీ 1,800, లోబ్‌కోవిట్స్ 700. షరతు ఒక్కటే, వియన్నాలోనో ఆస్ట్రియా చక్రవర్తి ఏలుబడిలోని మరో నగరంలోనో ఉండాలి. 1811లో ఆస్ట్రియా ప్రభుత్వం కాగితపు డబ్బు విలువను ఐదో వంతుకు కోసింది. 1812లో కిన్‌స్కీ గుర్రం మీంచి పడి చనిపోయాడు, ఆయన వారసులతో బీథోవెన్ వ్యాజ్యానికి దిగాల్సి వచ్చింది. లోబ్‌కోవిట్స్ ఖజానా దివాలా తీసింది. ముగ్గురిలో ఎవరికీ దురుద్దేశం లేదు. ద్రవ్యం విలువ పడితే ఏం చేయాలి, దాత పోతే వారసులు కట్టుబడి ఉంటారా, దాత చితికిపోతే హామీ ఏమిటి అన్నవి పత్రంలో గట్టిగా లేకపోవడమే లోపం. నేటి ఫెలోషిప్పులూ, ట్రస్టు గ్రాంట్లూ మధ్యలో ఆగిపోయేది చాలావరకు ఇలాంటి ఖాళీల వల్లే.

ఇంగ్లీషు రచయిత శామ్యూల్ జాన్సన్ ఈ మాటను తన నిఘంటువులోనే నిలదీశాడు. 1747లో నిఘంటువు ప్రణాళికను చెస్టర్‌ఫీల్డ్ ప్రభువుకు అంకితం చేస్తే దక్కింది 10 పౌన్లు. ఏళ్ల తరబడి గుమ్మం ముందు పడిగాపులు కాశాక, పని ముగిసే వేళకు ఆ ప్రభువు పత్రికలో మెచ్చుకోళ్లు రాశాడు. 1755 ఫిబ్రవరి 7న జాన్సన్ రాసిన జవాబు రచయితల ఆత్మగౌరవానికి గుర్తుగా నిలిచిపోయింది. అదే ఏడాది వెలువడిన నిఘంటువులో ‘పేట్రన్’కు ఇచ్చిన అర్థంలో, సాధారణంగా పొగరుతో ఆదుకుని పొగడ్తలతో బాకీ వసూలు చేసుకునే నీచుడు అని చేర్చాడు. అయినా 1762లో రాజు ఇచ్చిన ఏటా 300 పౌన్ల భృతిని ఆయన స్వీకరించాడు. దీన్ని మాట తప్పడంగా చూడనక్కర్లేదు. భృతి ఇచ్చేటప్పుడు, ఇది ఇకపై చేయాల్సిన పనికి కాదు, ఇప్పటికే చేసినదానికి అని ఆయనకు చెప్పారు. గుమ్మం ముందు నిలబడాల్సిన పని లేకపోవడమే అక్కడ తేడా.

పదిమంది సొత్తును తన సొత్తులా పంచడం

రాజకీయ పేట్రనేజ్ అంటే ప్రభుత్వ ఉద్యోగాలు, కాంట్రాక్టులు, నామినేటెడ్ పదవులను విధేయతకు బదులుగా పంచడం. ఖర్చు ఖజానాది, కృతజ్ఞత నాయకుడిది. రాజకీయ శాస్త్రజ్ఞులు దీన్ని ‘క్లయింటెలిజం’ నుంచి వేరు చేస్తారు. ఓటుకు బదులుగా సరుకులు, నగదు, మినహాయింపులు, ఏ లాభమైనా అందించడం క్లయింటెలిజం. అందులో ప్రభుత్వ కొలువు పంచే భాగమే పేట్రనేజ్. బంధువులకు కట్టబెడితే అది బంధుప్రీతి. ‘ఆశ్రిత పక్షపాతం’ అన్న మాటను మూడింటికీ వాడేస్తే విశ్లేషణ అలుక్కుపోతుంది.

నాయకులు ఉద్యోగాన్నే ఎందుకు ఎంచుకుంటారు? రోడ్డు వేయిస్తే ప్రత్యర్థికి ఓటేసినవాడూ దానిమీదే నడుస్తాడు. ఉద్యోగం అలా కాదు, ఫలానా మనిషికే ఇవ్వవచ్చు. మాట వినకపోతే పీకేయవచ్చు. ఎన్నికలప్పుడు అతని జీతంలో కొంత పార్టీ నిధికి, అతని ఒంటి కష్టం ప్రచారానికి తిరిగొస్తాయి. అమెరికాలో 19వ శతాబ్దంలో ఉద్యోగుల జీతం నుంచి పార్టీలు చందా రాబట్టడం బాహాటంగానే సాగింది. గెలిచినవాడిదే దోపిడీ సొమ్ము అని 1832లో సెనేటర్ మార్సీ అన్న మాట ఆ పద్ధతికి పేరుగా స్థిరపడింది.

దీంట్లో నాయకుడికే తగిలే ఉచ్చు ఒకటుంది. ఒక పదవికి పదులకొద్దీ మంది ఆశపడతారు, దక్కేది ఒక్కరికి. ఖాళీ నింపినప్పుడల్లా నూరుమంది అసంతృప్తుల్నీ ఒక కృతఘ్నుణ్ణీ తయారుచేస్తున్నానని ఫ్రాన్సు రాజు 14వ లూయీ వాపోయినట్టు చెబుతారు. 1881 జులై 2న అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌పై కాల్పులు జరిపిన గీటో, ప్యారిస్‌లో కాన్సల్ పదవి తనకు రావాల్సిందని నమ్మినవాడు. సెప్టెంబరు 19న గార్‌ఫీల్డ్ మరణించారు. 1883 జనవరిలో పెండిల్టన్ చట్టం వచ్చింది. పోటీ పరీక్ష పెట్టడం, పార్టీ చందా ఇవ్వలేదని తొలగించకుండా ఆపడం దాని సారం. మొదట్లో ఫెడరల్ ఉద్యోగాల్లో దాదాపు పదో వంతుకే అది వర్తించింది. దిగిపోతున్న అధ్యక్షులు తమవాళ్ల కొలువులు పదిలపరచడానికి వాళ్ల పదవుల్ని చట్టం కిందికి తెస్తూ పోయారు. అలా స్వార్థం చేతుల మీదుగానే సంస్కరణ విస్తరించడం గమనించదగ్గ విషయం.

బ్రిటన్‌లో అధికార పక్షపు చీఫ్ విప్‌ను చాలాకాలం ‘పేట్రనేజ్ సెక్రటరీ’ అనే పిలిచారు. ఓట్లు కూడగట్టేవాడి చేతిలోనే పదవుల సంచీ ఉండేది మరి. ఈస్టిండియా కంపెనీ కొలువులు కూడా 24 మంది డైరెక్టర్ల వాటాలుగా పంపకమయ్యేవి. అమ్ముకోకూడదని నిబంధన ఉన్నా, అమ్మకాలపై 1809లో పార్లమెంటు విచారణ జరపాల్సి వచ్చింది. 1853 చార్టర్ చట్టం ఆ హక్కును తీసేసింది. 1855లో లండన్‌లో తొలి పోటీ పరీక్ష జరిగింది.

అయితే ఇష్టప్రకారం జరిగే ప్రతి నియామకాన్నీ తప్పుపట్టలేం. ఎన్నికైన నాయకుడి విధానాన్ని నమ్మి అమలుచేసే సలహాదారులు ఆయన ఎంచుకున్నవాళ్లే కావాలి. అమెరికా సుప్రీంకోర్టు 1976లో ఎల్రాడ్ కేసులో, 1980లో బ్రాంటీ కేసులో ఈ గీత గీసింది: పార్టీ అనుబంధం ఆ పని చక్కగా చేయడానికి నిజంగా అవసరమా? కాకపోతే ఆ కారణంతో తొలగించకూడదు. 1990లో రూటాన్ తీర్పు దాన్ని కొత్త నియామకాలు, పదోన్నతులు, బదిలీలకూ వర్తింపజేసింది. ఏ దేశపు పదవినైనా తూచడానికి ఇంతకంటే పనికొచ్చే కొలబద్ద దొరకడం కష్టం. నీటి సరఫరా గుమాస్తా ఏ పార్టీ అయితే నీళ్లకేం?

కొనుగోలుదారే పోషకుడైతే

దుకాణం గోడ మీద మీ పేట్రనేజ్‌కు ధన్యవాదాలు అని రాసి ఉంటే అక్కడ ‘ఆదరణ’ సరైన మాట. గ్రంథాలయానికి వచ్చే పాఠకుణ్ణి, హోటల్‌కు వచ్చే అతిథిని ఇంగ్లీషు ‘పేట్రన్’ అంటుంది. ఆస్ట్రేలియాలో ప్రజా రవాణా ప్రయాణికుల సంఖ్యకు అధికారిక మాటే పేట్రనేజ్.

సహకార సంఘాల లెక్కల్లో ఈ మాటకు కచ్చితమైన సాంకేతికార్థం ఉంది. ‘పేట్రనేజ్ డివిడెండ్’ వాటాధనం మీద వచ్చే లాభం కాదు, సభ్యుడు సంఘంతో చేసిన వ్యాపారం మేరకు వెనక్కి వచ్చే మిగులు. 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో 28 మంది మొదలుపెట్టిన సంఘం దీన్ని ప్రసిద్ధం చేసింది. లెక్క తేలికే. సభ్యుల కొనుగోళ్లు మొత్తం 50 లక్షలు, ఆ వ్యాపారంపై పంచదగ్గ మిగులు 2 లక్షలు అనుకుంటే ఒక్కో వందకు 4 వస్తుంది. ఏడాదిలో 25,000 కొన్న సభ్యుడికి 1,000 దక్కుతుంది. అతనికి ఒక వాటా ఉందా, పది వాటాలు ఉన్నాయా అన్నది ఈ లెక్కకు పట్టదు.

తప్పులు జరిగేది మూడు చోట్ల. సభ్యులు కానివాళ్ల వ్యాపారం మీద వచ్చిన లాభాన్ని కూడా ఇందులో కలిపేస్తారు. సభ్యుడి సంఖ్య నమోదు చేయకుండా బిల్లులు వేయడంతో ఏడాది చివర ఎవరు ఎంత కొన్నారో తేలదు. ఇక మూడోది, ప్రకటించిన మొత్తమంతా ఖాతాలోనే ఉంచి నగదు చేతికివ్వకపోవడం. కాగితం మీద ఆదాయం, దానిమీద పన్ను, చేతిలో మాత్రం ఏమీ లేదు. అందుకే అమెరికా పన్ను చట్టం, సంఘానికి మినహాయింపు వర్తించే సాధారణ పద్ధతిలో కనీసం 20 శాతం నగదుగా చెల్లించాలంటుంది.

పేరు మాత్రమే ఇచ్చేవాళ్లు

సేవాసంస్థల లెటర్‌హెడ్ మీద ‘పేట్రన్’ అని కనబడే ప్రముఖుణ్ణి ‘పోషకుడు’ అంటే నిధులిస్తున్నాడన్న భ్రమ కలుగుతుంది. బ్రిటన్ రాణి రెండో ఎలిజబెత్ 600కు పైగా సంస్థలకు ఇలాంటి పేట్రన్‌గా ఉండేవారు. ఇచ్చింది ప్రధానంగా పేరు, హాజరు. ట్రస్టీకి ఉండే చట్టబద్ధ బాధ్యతేదీ ఈ హోదాతో రాదు. ఇక్కడ ‘గౌరవ పోషకులు’ అనే రాయాలి, ‘గౌరవ’ అన్నది ఎగరగొట్టకూడదు. సంస్థల వైపు నుంచి జరిగే పొరపాటు, నోటిమాట మీద పేరు వాడుకోవడం. ఎన్నేళ్లు, విరాళాల విజ్ఞప్తిలో పేరు వాడవచ్చా, ఏడాదికి ఎన్ని సభలకు రావాలి, వివాదం వస్తే ఎవరు ఎలా తప్పుకోవాలి అన్నవి ఒక పేజీలో రాసుకుంటే చాలు.

మాట ఎంపికలో చిక్కులు

తెలుగు మాటల్లో ప్రతిదీ ఒక వైపు నుంచి చూస్తుంది. పోషణ, చేయూత ఇచ్చేవాడి వైపు నుంచి. ఆశ్రయం, పంచన చేరడం పుచ్చుకునేవాడి వైపు నుంచి. ప్రాపకం, అండ, దన్ను అన్నవి మధ్యలో నిలిచి అధికారపు వాసన వేస్తాయి. ఇంగ్లీషు మాట ఎటూ తేల్చదు కాబట్టి, అనువాదకుడు తేల్చక తప్పదు. ఒకే వ్యాసంలో రెండు మూడు మాటలు వాడటం తప్పు కాదు. ఒకే మాట పట్టుకు వేలాడితేనే అర్థం జారుతుంది.

‘పేట్రనైజింగ్’ ఇంకా చిక్కు. అవమానించాడు, చులకన చేశాడు అంటే సరిపోదు. చులకన చేసేవాడికి తాను చులకన చేస్తున్నానని తెలుసు. పేట్రనైజ్ చేసేవాడు మేలు చేస్తున్నాననుకుంటాడు. అడగని సలహా, అవసరానికి మించిన విడమరుపు, ‘నీ స్థాయికి ఇదీ గొప్పే’ అన్న మెప్పు, అన్నీ దయతోనే వస్తాయి. రోమన్ తండ్రి ఇంకా లోపల కూర్చునే ఉన్నాడు. ‘పెద్దరికం ఒలకబోయడం’ అన్న నుడి దీనికి బాగా దగ్గర.

ఆన్‌లైన్‌లో నెలనెలా కళాకారులకు డబ్బు పంపే పద్ధతికి ఏ మాట వాడాలన్నది కొత్త ప్రశ్న. 2013లో అందుకోసమే వచ్చిన పేట్రియాన్ అనే వెబ్‌సైటు తన పేరులోనే పాత మాటను పెట్టుకుంది. పద్ధతికి పూర్వం ఉంది: 18వ శతాబ్దపు తొలినాళ్లలో ఇంగ్లీషు కవి అలెగ్జాండర్ పోప్ హోమర్ ‘ఇలియడ్’కు తన అనువాదాన్ని ఆరు సంపుటాలుగా, సంపుటానికి ఒక గినీ (నాటి బంగారు నాణెం) చొప్పున, ముందస్తు చందాలతో వెలువరించి ఏ ఒక్క ప్రభువు గుమ్మానికీ కట్టుబడకుండా బతికాడు. ఇక్కడ సొమ్ము ఇచ్చేవాడి సొంతం, ఎవరైనా ఎప్పుడైనా తప్పుకోవచ్చు. కాబట్టి నెలకు ఇన్ని పాటలు, ఇన్ని భాగాలు అని రాసిచ్చి డబ్బు తీసుకుంటే ఇచ్చేవాణ్ణి ‘చందాదారు’ అనడం నిజాయితీ. ఏమీ ఆశించకుండా, పని సాగితే చాలునని పంపేవాడికే ‘పోషకుడు’ అన్న మాట మిగలాలి.